మే నెలలో షాఫ్టు మీద మంచు

ఉదయం 11:20కి రింగు ఉష్ణోగ్రత 200 డిగ్రీలు, షాఫ్టు ఉష్ణోగ్రత 36. షాఫ్టు వ్యాసం 400.40 మిల్లీమీటర్లు. రింగు లోపలి వ్యాసం చల్లగా ఉన్నప్పుడు 400.00, ఆ వేడి మీద 400.75. అంటే వ్యాసం మీద 0.35 మిల్లీమీటరు ఖాళీ. రింగు షాఫ్టు మీద ప్రయాణించవలసిన దూరం 420 మిల్లీమీటర్లు, ఒక మూర కంటే తక్కువ. చేయి తిరిగిన మనుషులకు ఆ పని నలభై సెకన్లలో అయిపోతుంది. రింగు 11:39కి కదిలింది. 260 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది.

200 డిగ్రీలు అందుకున్న క్షణానికీ రింగు కదిలిన క్షణానికీ మధ్య పంతొమ్మిది నిమిషాలున్నాయి. నా ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ పంతొమ్మిది నిమిషాల్లోనూ, మర్నాడు వాటిని వెనక్కి తిప్పిన పద్ధతిలోనూ ఉంది. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి అందరికీ ఒకేలా వస్తాయి, లేదా ఒకేలా రావు.

ఇరవై డిగ్రీల గది

నేను తూర్పున హిందీ మాట్లాడే ఒక ఉక్కు పట్టణంలో, గోల్‌మురి క్వార్టర్లలో పెరిగాను. మా నాన్నది పలాస వైపు పల్లె. ఫిట్టర్‌గా ఈ ఊరు వచ్చాడు. నేను డిప్లొమా ముగించి, ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో ఒక మధ్యతరహా రోలింగ్ మిల్లులో కొలతల విభాగంలో చేరాను. మిల్లు పేరు ఇక్కడ అనవసరం. చేరినప్పుడు ఆ విభాగంలో స్త్రీని నేనొక్కదాన్నే. పదవీ విరమణ చేసినప్పుడు ఇంకో ఇద్దరున్నారు.

మా కొలతల గదిని ఏడాది పొడవునా ఇరవై డిగ్రీల దగ్గర ఉంచేవాళ్లం. బయట మే నెల ఎండకు తారు కరుగుతుంటే లోపల మేము స్వెటర్లు వేసుకునేవాళ్లం. కొత్తవాళ్లు దాన్ని విలాసమనుకునేవారు. నా మొదటి అధికారి ముఖర్జీ గారు ఆ అపోహను మొదటి రోజే తీర్చేశారు. వంద మిల్లీమీటర్ల ప్రామాణిక ఉక్కు దిమ్మను కొలిపించి, దాన్ని నా అరచేతిలో పెట్టి, గుప్పిట మూయమన్నారు. కాసేపు అలాగే ఉంచమన్నారు. తర్వాత మళ్లీ కొలవమన్నారు. ముల్లు పన్నెండు మైక్రాన్లు ఎక్కువ చూపింది. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

"ఆప్‌కా హాథ్ భీ ఏక్ భట్టీ హై" అన్నారాయన. మీ చెయ్యి కూడా ఒక కొలిమే.

మనిషిగా ముఖర్జీ గారు కష్టం. సెలవు అడిగితే మొహం చిట్లించేవారు. ఎవరు బాగా పనిచేసినా మెచ్చుకునేవారు కాదు. కానీ ఆయన చెప్పిన సూత్రం ఒక్కనాడూ తప్పలేదు: ఎంత వేడి దగ్గర కొలిచావో చెప్పకపోతే నువ్వు చెప్పినది కొలతే కాదు, కబురు.

ఆ సూత్రం విలువ నాకు ముందుగా కంచు బుష్షుల దగ్గర, అంటే ఇరుసు చుట్టూ తొడిగే గొట్టాల దగ్గర, తెలిసింది. ఒక చిన్న యూనిట్ యజమాని మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో, 42 డిగ్రీల్లో, మూడు వందల మిల్లీమీటర్ల బుష్షులు సరిగ్గా కొలిచి పంపాడు. మా గదిలో అవి 0.04 మిల్లీమీటరు తక్కువ వచ్చాయి. మావాళ్లు దొంగ అన్నారు, ఆయన మావాళ్లను దొంగలన్నాడు. ఇద్దరూ నిజమే కొలిచారు. ఉక్కు కంటే కంచు ఎక్కువ సాగుతుంది, ఎక్కువ కుంచించుకుపోతుంది. ఆ ఎండలో ఆయన ఉక్కు మైక్రోమీటరు కొంత సాగింది, కంచు అంతకన్నా ఎక్కువ సాగింది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కొలిపిస్తే అరగంటలో గొడవ తీరింది. మనుషుల మధ్య తగవుల్లో సగం ఇలాంటివే అని నా అభిప్రాయం. మిగతా సగానికి నా దగ్గర పరికరం లేదు.

పంతొమ్మిది నిమిషాలు

ఇక రింగు సంగతి. పెద్ద మోటారునూ మిల్లునూ కలిపే షాఫ్టు కొసన పళ్లున్న కప్లింగ్ రింగు ఒకటి ఉంటుంది. బరువు నాలుగు వందల కిలోలు. దాన్ని బోల్టులతో బిగించరు. షాఫ్టు కంటే కొంచెం ఇరుకుగా చేసి, వేడి చేసి, వ్యాకోచించినప్పుడు ఎక్కిస్తారు. చల్లారితే అదే కరిచి పట్టుకుంటుంది. బండి చక్రానికి కమ్మరి ఇనప పట్టా వేసే పద్ధతే ఇది. కాకపోతే కమ్మరి కంటితో చూసి చేసేది మేము అంకెతో చేస్తాం. మా రింగుకు ఆ అంకె డిగ్రీకి 0.0046 మిల్లీమీటరు.

పని ఫోర్‌మన్ అప్పలనాయుడు గారిది. మా నాన్నకు పరిచయస్థుడు, నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. పదవీ విరమణకు అయిదు వారాలుంది. అలాంటి రింగులు ఆయన చేతిమీదుగా ఎన్నో ఎక్కాయి. ఇదే ఆఖరిది. అందుకని జనరల్ మేనేజర్ సిన్హా గారిని పిలిచి, ఆయన చేత కొబ్బరికాయ కొట్టించి ఎక్కించాలని కోరిక.

మా మిల్లుల్లో ఇది పాత ఆచారం. వేడి రింగు క్రేను గొలుసుకు వేలాడుతుంటే, దాని ఎదుట పెద్దాయన కొబ్బరికాయ కొడతాడు, జై అంటారు, తోస్తారు. ఎన్నో ఏళ్లుగా బాగానే జరిగింది. ఎందుకంటే ఎన్నో ఏళ్లుగా పెద్దాయన సమయానికి వచ్చాడు.

ఆ రోజు రాలేదు. ఆఫీసు నుంచి వచ్చిన ఒకతను సిన్హా గారి కోసం కుర్చీ వేయించి, ఆయనకు గాలి తగలాలని పెద్ద పంకాను, మేము మాన్‌కూలర్ అంటాం, కుర్చీ వైపు తిప్పించాడు. పంకాకూ ఖాళీ కుర్చీకీ మధ్య రింగు వేలాడుతోంది.

నా చేతిలో ఉష్ణమాపకం ఉంది. ఎనిమిది నిమిషాలకు 176 చూపింది.

"నాయుడు గారూ, 176కు దిగింది. ఇక ఆగకూడదు."

"వచ్చెత్తన్నారమ్మా. గేటు కాడున్నారట. రెండే రెండు నిమిషాలు."

"గేటు కాణ్ణించి ఇక్కడికి రెండు నిమిషాలేటి మేస్త్రీ?" అన్నాడు కలాసీ జగ్గారావు, గొలుసు పట్టుకుని. "ఆయన కారు దిగీసరికే రెండు నిమిషాలు."

అందరూ నవ్వారు. నాయుడు గారు కూడా కొబ్బరికాయ పట్టుకునే నవ్వారు. నేను పంకా ఆపించాను. మళ్లీ ఎవరో వేశారు. పదమూడో నిమిషంలో ఇంకోసారి చెప్పాను. ఆయన నావైపు చూశారు, గేటు వైపు చూశారు. ముప్పై ఎనిమిదేళ్ల నౌకరీ చేసిన మనిషి, తాను పిలిచిన పెద్దమనిషి వచ్చేలోపు పని కానిచ్చేయడం మర్యాద కాదనుకున్నారు. నేను ఆయన్ను తప్పుపట్టను. ఇనుముకు మర్యాద తెలియదు, అంతే.

సిన్హా గారు అడుగుపెట్టేసరికి రింగు 148 డిగ్రీలు. ఖాళీ 0.35 నుంచి 0.11కు వచ్చింది. "కొబ్బరికాయ తర్వాత, ముందు తొయ్యండి" అని ఆయన ఎదుటే అరిచాను. తోశారు. రింగు మొదట నూనె పూసిన గడియలా జారింది. తర్వాత కీచుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

జగ్గారావు సమ్మెట ఎత్తి రెండు దెబ్బలు వేశాడు. మూడోది నేను వేయనివ్వలేదు. అప్పటికే చల్లటి షాఫ్టు రింగులోని వేడిని లాగేసుకుంటోంది, రింగు బిగుసుకుంటోంది. నాయుడు గారి చేతిలోని కొబ్బరికాయ జారి, దొర్లి, కింద పునాది గోతిలో పడింది. దాన్ని ఎవరూ వెతకలేదు.

కోసేద్దాం అన్నవాళ్లు

"క్యా హువా నాయుడూ? నాప్ ఠీక్ నహీఁ థా క్యా?" అన్నారు సిన్హా గారు. కొలత సరిగ్గా లేదా అని.

నాయుడు గారు తలవంచుకున్నారు. సార్, మీరు ఆలస్యంగా వచ్చారు అనే వాక్యం ఆయన నోట రాదు.

గంటలో సిన్హా గారి గదిలో నిర్ణయం అయిపోయింది. గ్యాస్ కట్టరుతో రింగును కోసి తీసేయాలి. వేరే రింగు లేదు. కొత్తది పోత పోయించి, పళ్లు కోయించాలంటే నాలుగు నెలలు. అన్నాళ్లు మిల్లు నిలబడితే ఎవరో ఒకరి పేరు కాగితం మీదికి రావాలి. 'ఫోర్‌మన్ నిర్లక్ష్యం' అన్న మాట ఆ గదిలో అప్పటికే రెండుసార్లు వినిపించింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత పూలదండ వేయవలసిన చోట ఛార్జిషీటు చేతికిస్తారన్నమాట.

లెక్క వేశాను. 260 మిల్లీమీటర్ల మేర బిగిసిన రింగును చల్లగా ఉండగా లాగాలంటే సుమారు 250 టన్నుల బలం కావాలి. మా దగ్గరున్నది వంద టన్నుల జాకీ. బయటనుంచి వేడి చేద్దామా అంటే, రింగులోని వేడి షాఫ్టులోకి దిగి రెండూ కలిసే పెరుగుతాయి, పట్టు వదలదు. రింగు పెరగాలి, అదే సమయంలో షాఫ్టు తరగాలి. షాఫ్టు కొస నుంచి లోపలికి 120 మిల్లీమీటర్ల వెడల్పున, 900 మిల్లీమీటర్ల లోతున ఒక రంధ్రం ఉంది. బరువు తగ్గించడానికి ఎప్పుడో తొలిచినది. దారి అక్కడుంది.

"సార్, ఒక్క రోజు ఇవ్వండి. ద్రవ నైట్రోజన్ కావాలి. కోయకుండా తీస్తాను" అన్నాను.

"ఔర్ నహీఁ నిక్లా తో?" ఊడి రాకపోతే అని.

"అప్పుడు ఆయన పేరు పక్కన నా పేరు కూడా రాయండి."

ఆయన గడియారం చూసి, "కల్ షామ్ తక్" అన్నారు. రేపు సాయంత్రం దాకా.

బయటికొచ్చాక నాయుడు గారు కోప్పడ్డారు. "నీకేటమ్మా మద్దిలో? నాకెలాగూ అయిదు వారాలు. నీకింకా సర్వీసుంది."

"అయిదు వారాలే కాబట్టి" అన్నాను.

"మీ నాయినా ఇంతే. లెక్కొత్తే ఇంక మనిసి మాట ఇనీవోడు కాడు."

చలీ వేడీ ఒకేసారి

నైట్రోజన్ గాలిలో ఉండే వాయువే. సున్నాకు 196 డిగ్రీల కింద నీళ్లలా పారుతుంది. పక్క వీధిలోని గ్యాస్ ప్లాంటు నుంచి 180 లీటర్ల ట్యాంకులు రెండు తెప్పించాం. షాఫ్టు రంధ్రంలో సరిపోయే రాగి గొట్టం ఒకటి అదే సాయంత్రం చేయించాను. ద్రవం కిందనుంచి లోపలికి, ఆవిరి పైనుంచి బయటికి.

మర్నాడు పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టే ముందు రెండు విషయాలు అందరికీ చూపించాను. మొదటిది: ఒక రబ్బరు వాషరు ద్రవంలో ముంచి నేలమీద వదిలాను. అప్పడంలా ముక్కలైంది.

"సూశావా జగ్గడూ?" అన్నారు నాయుడు గారు. "నీ సమ్మెట ఇంటికాడ ఎట్టేసి రా."

"ఇనపది కదా మేస్త్రీ, రబ్బరు కాదు గదా."

"ఈ చలిలో ఉక్కూ పెళుసైపోతుంది" అన్నాను. "ఇవాళ దెబ్బ వేస్తే షాఫ్టే పగలచ్చు." జగ్గారావు సమ్మెటను నిజంగానే షెడ్డు బయట పెట్టి వచ్చాడు.

రెండవది: ఒక లీటరు నైట్రోజన్ మరిగితే దాదాపు ఏడు వందల లీటర్ల వాయువవుతుంది. చల్లటిది బరువు. గోతుల్లోకి దిగి అక్కడి గాలిని తోసేస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి దగ్గకుండానే కూలిపోతాడు. కాబట్టి పునాది గోతిలోకి ఎవరూ దిగకూడదు. నిన్న కుర్చీ కోసం తిప్పిన మాన్‌కూలర్‌నే ఇవాళ గోతి వైపు, రింగుకు దూరంగా తిప్పించాను. పరికరాల్లో మంచివీ చెడ్డవీ ఉండవు. ఎటు తిప్పాం అన్నదొక్కటే ఉంటుంది.

కవాటం కొంచెం కొంచెంగా తెరిచాం. తొందరపడితే రంధ్రం గోడ ఒక్కసారిగా కుంచించుకుపోయి బీట పడుతుంది. నిముషానికి ఎన్ని డిగ్రీలు దిగవచ్చో రాత్రే నిర్ణయించుకుని, అంతకు మించనివ్వలేదు. తొమ్మిదింటికి షాఫ్టు కొస మీద తెల్లగా పొర కట్టడం మొదలైంది. బయట ఎండ 41 డిగ్రీలు. లోపల ఉక్కు మీద మంచు. మిల్లులోని పక్క షెడ్ల నుంచి జనం వచ్చి నిలబడ్డారు. ఒకతను ఫోను తీసి ఇంటికి వీడియో చూపిస్తూ, "ఓసే, ఇది మిల్లేనే. కాశ్మీరు కాదే" అంటున్నాడు.

ఒక దశలో కవాటం గడ్డకట్టి బిగుసుకుంది. పట్టకారు అందేలోపు ద్రవం ఒలుకుతోంది. పలచటి చేతి తొడుగుతోనే నేను తిప్పాను. తొడుగు తడిగా ఉంది. ఎడమ చిటికెన వేలు కవాటానికి అతుక్కుంది. లాగాను. అప్పుడు నొప్పి తెలియలేదు.

పదిన్నరకు షాఫ్టు మైనస్ 25. లెక్క ప్రకారం వ్యాసం 0.28 మిల్లీమీటరు తగ్గింది. జాకీని నలభై టన్నుల దగ్గర బిగించి ఉంచాం. నాలుగు బర్నర్లు ఒకేసారి రింగు చుట్టూ వెలిగించారు. ఇప్పుడు పందెం. వేడి లోపలికి చేరేలోపు రింగు విడవాలి. 60 డిగ్రీలు. 80. సిన్హా గారు వచ్చి నిలబడ్డారు. కుర్చీ వద్దన్నారు. 100. రింగు అంచున మంచు కరిగి ఆవిరవుతూ సన్నగా ఉస్సుమంది. 110.

ఠంగ్‌మని ఒక శబ్దం వచ్చింది. పగిలిందేమోనని షాఫ్టు కొస వైపు చూశాను. జాకీ ముల్లు నలభై నుంచి ఆరుకు పడిపోయింది. అంటే రింగు వదిలింది.

"లాగండ్రా!" అన్నారు నాయుడు గారు. ఆ గొంతు మా నాన్న కాలం నాటిది. జాకీ పక్కన పెట్టి, గొలుసుతో, చేతులతో లాగారు. 260 మిల్లీమీటర్లు వెనక్కి, ఎక్కడా కీచుమనకుండా. రింగు ఒక్క చెక్కు లేకుండా గాలిలో ఊగింది.

మిల్లంతా కేక వేసింది. జగ్గారావు నాయుడు గారిని నడుము పట్టి ఎత్తేశాడు. "దింపరా ఎదవా, ఈ వయసులో ఇదేటిరా" అంటూనే ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు. షాఫ్టు మీద గీతలు ఎన్ని పడ్డాయో చూస్తున్నాను. రెండు. లోతు తక్కువ. నూనె రాయితో రుద్దితే పోయేవి.

కొబ్బరికాయ ఎప్పుడు కొట్టాలి

రింగును ఉన్నచోటునుంచే ముందుకు తోసేయవచ్చుగా, సగం దారి అయిపోయింది కదా అని తర్వాత చాలామంది అడిగారు. అడుగుతూనే ఉంటారు. బిగిసిన చోట లోహం లోహాన్ని గీరుతుంది. ఆ గరుకును చూడకుండా ముందుకు తోస్తే లోపల చాళ్లు పడతాయి, మళ్లీ ఎన్నడూ ఊడిరాదు. సగం జరిగిన తప్పును పూర్తి చేయడం పని పూర్తి చేయడం కాదు. వెనక్కి తీయండి, శుభ్రం చేయండి, మొదటినుంచి చేయండి.

మధ్యాహ్నమంతా మంచు కరిగి నీళ్లు కారుతుంటే పాత బనియన్లతో తుడిచాం, గీతలు రుద్దాం, వేడి గాలితో ఆరబెట్టాం. మళ్లీ బర్నర్లు వెలిగించబోతుండగా సిన్హా గారు నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"నారియల్ కబ్ ఫోడ్‌నా హై, మేడమ్?"

"ఇప్పుడు సార్. నిప్పు వెలిగించకముందు. వేడెక్కాక దేవుడు కూడా ఆగకూడదు."

ఆయన కొట్టారు. ఒక్క దెబ్బకు పగిలింది. ఆ తర్వాతే బర్నర్లు వెలిగాయి. బాసుల గురించి నా తీర్పు చాలావరకు కఠినమైనదే. కానీ ఆ రోజు ఆయన నాలుగు గంటలకు పైగా నిలబడే ఉన్నారు. రింగు 200 డిగ్రీలు అందుకునేసరికి ఆయన అక్కడ ఉన్నారు. తన కోసం ఎవరూ ఆగనక్కర్లేని చోట నిలబడటం ఒక అధికారి నేర్చుకోగలిగిన అతి కష్టమైన విద్య. ఆయన ఒక్క రోజులో నేర్చుకున్నారు.

తోసే ముందు షాఫ్టు ఉష్ణోగ్రత చూశాను. 20 డిగ్రీలు. నా గది ఉష్ణోగ్రత. ముఖర్జీ గారు అప్పటికి లేరు. ఉంటే ఏమీ అనేవారు కాదు, మొహం చిట్లించేవారు. షాఫ్టు 400.33, రింగు 400.75, ఖాళీ 0.42.

"జై!" అన్నారు. 420 మిల్లీమీటర్లు. ముప్పై ఎనిమిది సెకన్లు. రింగు చివరి అంచుకు తగిలినప్పుడు వచ్చిన శబ్దం పెద్ద ఇత్తడి బిందె గట్టు మీద దించినట్టుంది. నాయుడు గారు అరచేతిని రింగు దగ్గరగా పెట్టి, తాకకుండా, చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఆ మిల్లులో ఇప్పటికీ కొబ్బరికాయ నిప్పుకు ముందే కొడతారు. ఎందుకని అడిగితే కొత్తవాళ్లు శాస్త్రం అంటారట. అవును, శాస్త్రమే.

ఖర్చూ నష్టమూ

మిల్లు అదనంగా నిలిచిన సమయం ఇరవై తొమ్మిది గంటలు. నైట్రోజన్ 260 లీటర్లు. వంట గ్యాస్ సిలిండర్లు ఏడు. రాగి గొట్టం ఒకటి, మళ్లీ పనికిరాలేదు. రబ్బరు వాషరు ఒకటి. కొబ్బరికాయలు రెండు, అందులో ఒకటి ఇంకా పునాది గోతిలోనే ఉండాలి. షాఫ్టు మీద గీతలు రెండు, రుద్దితే పోయాయి. నా ఎడమ చిటికెన వేలి కొస: వేడీ చలీ నేటికీ తెలియవు. రింగు: నష్టం లేదు. అప్పలనాయుడు గారు: అయిదు వారాల తర్వాత మెడలో దండతో గేటు దాటారు. నష్టం లేదు.